తల్లి మైల తీరేదాకా

"ఆ పక్క మంచం దగ్గరి పసిబిడ్డ ఏడవడం లేదేంటి? కాళ్ళు చల్లగా ఉన్నాయేమో చూడవే ఎస్తేరూ."

"చూశానండి. వెచ్చగానే ఉన్నాయి. మీరు పడుకోండి."

సుగుణమ్మ సిస్టరుగారూ నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవి. రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో, ఆడవాళ్ళ వార్డులో ఆవిడ గుండె జబ్బుతో పడుకుని ఉన్నారు. పక్క మంచం మనిషిని చూడడానికి వచ్చినవాళ్ళు చంటిదాన్ని వెంట తెచ్చారు. నేను లేచి వెళ్ళి, ఆవిడ నేర్పినట్టే వేళ్ళ వెనకవైపుతో దాని పాదాలు ముట్టి చూసి వచ్చి చెప్పాను. ఆవిడ సరేనన్నట్టు తలాడించి కళ్ళు మూసుకున్నారు. నా బస్సుకు టైమైంది. మర్నాడు మధ్యాహ్నం కబురు వచ్చింది.

నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు బోర్డు కూడబలుక్కోవడం వచ్చు. అంతకు మించి చదువు లేదు. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు రూతు రాస్తోంది. ఇళ్ళలో కాన్పులు జరిగిన రోజుల్లో మా ఉద్యోగం ఎలా ఉండేదని రూతు స్కూల్లో టీచర్లు అడిగారట. అందుకని ఒక్క సంగతి చెబుతాను.

తొంభైల మొదట్లో మా ఆయన ప్రైమరీ హెల్త్ సెంటరులో వాచ్‌మన్‌గా చేస్తూ జ్వరంతో పోయాడు. సర్వీసులో ఉండగా పోయాడు కాబట్టి ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. నాకు ఆయా పోస్టు ఇచ్చారు. మా శాఖలో వరస ఎలా ఉంటుందంటే, హెల్త్ సెంటరుకి డాక్టరుగారు పెద్ద. ఆయన కింద లేడీ సూపర్‌వైజరు. ఆవిడ కింద ఊళ్ళు తిరిగి కాన్పులు, టీకాలు చూసే ఏ.ఎన్.ఎం. నర్సులు. అందరి కిందా ఆయాలు. నన్ను కొన్నాళ్ళు సెంటరులో గదులు కడిగించి, తరవాత గోదావరి మధ్య ఉన్న ఒక లంక ఊళ్ళో సబ్‌సెంటరుకి పంపించారు. సబ్‌సెంటరంటే పెద్దగా ఊహించుకోవద్దు. అద్దెకి తీసుకున్న పెంకుటింట్లో ఒక గది, ఒక బల్ల, మందుల బీరువా, నీళ్ళు మరగబెట్టుకునే స్టవ్వు. అక్కడి నర్సు సుగుణమ్మ సిస్టరుగారు.

ఆవిడది నిడదవోలు దగ్గర పల్లె. కాలవలు చూసిన మనిషే గాని గోదావరి మీద పడవ ఎక్కి ఎరగరు. ఈత రాదు. మేమిద్దరం అవతలి ఒడ్డున కాపురం ఉండి రోజూ లంకకి పడవలో వచ్చిపోయేవాళ్ళం. రేవులో పడవ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా నా చెయ్యి పట్టుకుని, అవతలి గట్టు చూస్తూ ప్రార్థన చేసుకుంటున్నట్టు కూర్చునేవారు. పడవవాడు ఏడిపించడానికి కావాలని కాస్త ఊపేవాడు. ఒడ్డున దిగాక అతన్ని తిట్టే తిట్లు ఊళ్ళోకి వినిపించేవి. అంత భయపడే మనిషి అక్కడ పనిచేసినన్నేళ్ళూ వరద వచ్చినా డ్యూటీ మానలేదు. ఇసకలో చెప్పులు సంచిలో పెట్టుకుని, చీర కుచ్చిళ్ళు దోపుకుని నడిచేవారు. బదిలీ కోసం ఎవరినీ అడగలేదు. ఆవిడ పనిచేసే తీరు చూశాకే నా ఉద్యోగం ఉద్యోగమని నాకు అనిపించింది.

లంకలో ఒడ్డు వైపు రైతులు, లోపల కూలి చేసుకునేవాళ్ళ పాకలు. పొగాకు, మిరప, అరటి తోటల్లో పని. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు నొప్పులు వచ్చేదాకా ఆ పనే చేసేవారు. సరైన తిండి ఉండేది కాదు, రక్తం ఉండేది కాదు. పుట్టిన పిల్లలు చాలామంది చిన్నగా పుట్టేవారు, కొందరు నెల ముందే వచ్చేసేవారు. ఏరు దాటి ఆసుపత్రికి వెళ్ళే అలవాటు లేదు. కాన్పులన్నీ పాకల్లోనే, మంత్రసాని చేతి మీద.

ఆ మంత్రసాని పేరు వీరమ్మ. మా శాఖవాళ్ళు ఆవిడకి ట్రైనింగు కూడా ఇచ్చారు. గోళ్ళు తీసుకోవడం, చేతులు సబ్బుతో కడుక్కోవడం, మా కిట్టులో ఇచ్చే కొత్త బ్లేడుతోనే బొడ్డు కోయడం, మరిగించిన దారం కట్టడం, బొడ్డు మీద పేడా పసుపూ పెట్టకపోవడం, అన్నీ పాటించేది. ధనుర్వాతం పోయింది. అదివరకు వారం తిరక్కుండా పిల్లలు బిగుసుకుపోయి చచ్చిపోయే జబ్బు అదే. గర్భిణీలకు టీటీ ఇంజెక్షను వేయడం, బ్లేడు మార్చడం వల్ల అది లంకలో లేకుండా పోయింది.

అయినా పిల్లలు పోతూనే ఉన్నారు. అది కూడా చలికాలంలో ఎక్కువ. పుట్టినప్పుడు ఏడ్చిన పిల్ల సాయంత్రానికి మెతకబడేది. రొమ్ము అందిస్తే చీకేది కాదు. రెండో రోజో మూడో రోజో ఒళ్ళు గట్టిపడి ప్రాణం పోయేది. పక్షిదోషం అనేవారు, గాలి సోకింది అనేవారు. మేం మా రిపోర్టులో తక్కువ బరువు అని రాసి పంపేవాళ్ళం.

సిస్టరుగారికి ఆ మాట చాలలేదు. అలాంటి ఒక బిడ్డ చంకలో ఆవిడ థర్మామీటరు పెట్టారు. పాదరసం కదలనే లేదు. మామూలు జ్వరం థర్మామీటరులో అంకెలు కిందికి కొంతవరకే ఉంటాయి. బిడ్డ ఒళ్ళు అంతకన్నా చల్లగా ఉంటే అది కదలదు. జ్వరం లేదుగా అమ్మా, బాగానే ఉన్నాడుగా అని ఇంట్లోవాళ్ళు సంతోషపడ్డారు. సిస్టరుగారు నన్ను బయటికి పిలిచి, ఎస్తేరూ, వీళ్ళు జ్వరం వస్తే భయపడతారు, చల్లబడితే భయపడరు, చచ్చేది మాత్రం చల్లబడే అన్నారు. ఆ రోజు నుంచే మాకు వేళ్ళ వెనకవైపుతో పొట్టా పాదాలూ ముట్టి చూడడం అలవాటు చేశారు. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లబడితే బిడ్డకి చలి మొదలైనట్టు. రెండూ చల్లబడితే ప్రమాదం.

బిడ్డ ఎక్కడ చల్లబడుతోంది? అది చూడడానికి ఆవిడ ఒక కాన్పుకి వెళ్ళి, ఏ పనికీ అడ్డుపడకుండా గోడ వారన కూర్చున్నారు. నేనూ పక్కనే ఉన్నాను. బిడ్డ పుట్టింది. మాయ పడేదాకా బొడ్డు కోయరు, అందాకా బిడ్డ తడి గోనె మీదే ఉంది. తరవాత వీరమ్మ కాళ్ళు చాచుకుని, బిడ్డని కాళ్ళ మీద వేసుకుని లాల పోసింది. ఆ చెయ్యి చూసి తీరాలి. పసిగుడ్డు తల పట్టు తప్పకుండా తిప్పుతూ, ఆముదం రాసి, పిండితో నలిచి, ముక్కు నిమిరి, కాళ్ళూ చేతులూ సాగదీసి, చెంబులు చెంబులు పోసేది. ఊళ్ళో పెళ్ళయి పిల్లలున్న మగవాళ్ళు కూడా ఆవిడ కాళ్ళ మీద నీళ్ళు పోయించుకున్నవాళ్ళే. నీళ్ళు వేడివే. పోయడం అయ్యాక పాక సందుల్లోంచి ఏటిగాలి కొడుతుంటే ఆ తడి ఒంటితోనే సాంబ్రాణి పొగ వేసి, పాత గుడ్డలో చుట్టి చేటలో పడుకోబెట్టింది. నానమ్మ ఎత్తుకుంది, మేనత్త ఎత్తుకుంది, వరసగా ముద్దులు. తల్లి మాత్రం మైలమనిషిగా మూల పడుకుని ఉంది. పాలు మూడో రోజుకి గాని ఇవ్వరు. అందాకా ముర్రుపాలు పిండి పారబోసి, పంచదార నీళ్ళో గాడిదపాలో పోస్తారు.

ఆ తొందరంతా దేనికంటే, పురిటి మైల. లాల పోయందే బిడ్డను ఎవరూ ముట్టుకోకూడదు. ఎత్తుకోవాలని అందరికీ ఆశ. అందుకే పుట్టగానే నీళ్ళు. ప్రేమతో చేసే పనే అది. మేం చర్చికి వెళ్ళేవాళ్ళమే గాని పురిటి మైల మా ఇళ్ళలోనూ ఉండేది. నా పిల్లలకీ అలాగే పోశారు. వాళ్ళు బొద్దుగా పుట్టారు కాబట్టి తట్టుకున్నారు.

సిస్టరుగారు మొదట మామూలు దారిలోనే వెళ్ళారు. అప్పుడే నీళ్ళు పోయొద్దని పాక పాకకీ తిరిగి చెప్పారు. అందరూ బుద్ధిగా విన్నారు. కాన్పు రోజున తలుపు వేసేసి పోసేవారు. వీరమ్మ అయితే మొహం మీదే అంది: "నా సేత్తో ఇంతమంది బతికారండి. నా సెయ్యి ఆపితే ఎలాగండి? రక్తం కంపుతో పిల్లను వదిలేత్తే అమ్మవారు ఊరుకుంటాదా?"

ఆవిడ మంచితనంలో లోపం లేదు. ఆవిడ కష్టం ఇంకొకటి ఉంది. ఆవిడకి ఒక్కడే కొడుకు. కోడలు సత్యవతి. ఆ పిల్ల మొదటి కాన్పు మేం రాకముందు జరిగింది, బిడ్డ దక్కలేదు. రెండోది మేం వచ్చాక, సిస్టరుగారు నీళ్ళు పోయొద్దని చెబుతున్న రోజుల్లోనే. వీరమ్మే కాన్పు చేసి, వీరమ్మే లాల పోసింది. ఆ మగపిల్లవాడు కూడా చల్లబడి పోయాడు. ఊరందరి పిల్లల్నీ బతికించే చెయ్యి సొంత మనవలకి పనికిరాలేదని అమ్మలక్కలు అన్నారు. సత్యవతిని పుట్టింటికి పంపేసి కొడుక్కి ఇంకో పిల్లను చేసుకొమ్మని కూడా సలహాలు వచ్చాయి. వీరమ్మ ఆ మాటలు పడనివ్వలేదు గాని, మూడోసారి కోడలికి నెల తప్పినప్పుడు ఆవిడ మొహంలో సంతోషం లేదు. ఇది కూడా పోతే ఆ పిల్ల ఆ ఇంట్లో నిలవదని అందరికీ తెలుసు.

ఒక రోజు నేను ఒక పురిటింట్లో ఆదమరిచి బిడ్డ పక్కగుడ్డ సర్దబోయాను. ఇంకా లాల పోయలేదు. వీరమ్మ నా చెయ్యి కొట్టినంత పని చేసింది, ముట్టుకోకు, మైల అంది. వాకిట్లో ఉన్న సిస్టరుగారు ఆ మాట విని, ఇప్పుడు బిడ్డను ఎవరు ముట్టుకోవచ్చండీ అని అడిగారు. తల్లి ముట్టుకోవచ్చు, నేను ముట్టుకోవచ్చు, ఇంకెవరూ కూడదు అంది వీరమ్మ. తిరుగు ప్రయాణంలో సిస్టరుగారు పడవలో మామూలుగా నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు గాని ఆ రోజు గట్టుకేసి చూడలేదు, భయం కూడా మరిచిపోయినట్టున్నారు. రేవు దిగాక నన్ను అడిగారు, తల్లికి మైల ఎన్నాళ్ళే అని. పురిటిస్నానం అయ్యేదాకానండి అన్నాను. మరి ఆ మైల తల్లి పాలు తాగిన బిడ్డకి మైల అంటదా అన్నారు. నాకేం తెలుసు? పాస్టరుగారిని అడగమన్నాను. నవ్వారు.

సత్యవతికి పుష్యమాసంలో నొప్పులు వచ్చాయి, ఇంకా నెలలు పూర్తిగా నిండలేదు. ఏరు దాటించి ఆసుపత్రికి తీసుకెళ్దామంటే మంచుకి ఎదురుగా ఉన్న మనిషి కనిపించడం లేదు, పడవవాడు పడవ కట్టడానికి ఒప్పుకోలేదు. ముందురోజు ఆ మంచుకే ఏరు దాటలేక సబ్‌సెంటరులో ఉండిపోయిన సిస్టరుగారూ నేనూ తెల్లవారాక పాకకి వెళ్ళాం. వీరమ్మ పొయ్యి మీద పెద్ద డేగిసాతో నీళ్ళు పెట్టి ఉంచింది. అది బిడ్డ లాల కోసమే.

సిస్టరుగారు డేగిసా సంగతి ఎత్తలేదు. పాకలో గాలి వచ్చే సందుల్లో గోనెలు కుక్కించారు. మూడు పాత నూలు చీరలు నా చేత పొయ్యి దగ్గర వెచ్చబెట్టించారు. బిడ్డ ఆడపిల్ల, పిడికెడంత. బిడ్డ తలా ఒళ్ళూ వెచ్చని గుడ్డతో గబగబా తుడిచి, ఆ తడిగుడ్డ తీసి పారేసి, గొంతులో జిగురు పీల్చే చిన్న ట్యూబుతో నోరు శుభ్రం చేశారు. అరిపాదం తట్టారు. అది పిల్లికూన లాగా ఏడ్చింది. బొడ్డు కట్టి కోశారు. ఆ పాటికి వీరమ్మ పీట వాల్చుకుని, కాళ్ళు చాచి, ఇటివ్వండి అంటూ చేతులు చాపింది.

ఆ పూట ఏం జరుగుతుందో ఆ చాచిన చేతుల మీదే ఉంది. కాదంటే గొడవ, సత్యవతి నలిగిపోతుంది. ఇస్తే బిడ్డ పోతుంది.

సిస్టరుగారు బిడ్డను చేతుల్లోనే ఉంచుకుని నెమ్మదిగా అడిగారు: "వీరమ్మగారూ, నాకు తెలియక అడుగుతున్నానండి. తల్లికి మైల తీరలేదు కదా?"

"తీరలేదండి."

"ఆ తల్లి పాలే తాగాలి కదా ఇది. ఇప్పుడు మీరు లాల పోస్తారు. కాసేపటికి తల్లిని ముట్టుకుంటుంది. మళ్ళీ మైలేనా? మళ్ళీ పోస్తారా?"

వీరమ్మ చేతులు ఇంకా చాచే ఉన్నాయి.

"తల్లి మైల తీరకుండా బిడ్డ మైల ఎలా తీరుతుందండీ? ఇద్దరిదీ ఒకే మైల. ఒకేసారి పోగొట్టండి. అందాకా దీన్ని వాళ్ళమ్మ గుండె మీదే ఉంచుదాం. ఎవ్వరూ ముట్టుకోకూడదు. మీరు మాత్రం వాకిట్లో కూచుని, ఎవరూ లోపలికి రాకుండా చూడండి. ఇంకొకరు చెబితే ఈ ఊళ్ళో వినరు."

వీరమ్మ కోడలి మొహం చూసింది. ఆ పిల్ల కళ్ళు మూసుకుని ఉంది, అత్తని అడిగే ధైర్యం లేదు. చివరికి వీరమ్మ చాచిన కాళ్ళు ముడుచుకుని లేచింది.

"ఆయ్. అదీ నిజవేనండి. నాకిన్నాళ్ళూ తట్టలేదు."

సిస్టరుగారు సత్యవతి రవిక విప్పించి, బట్టల్లేని బిడ్డను రొమ్ముల మధ్య బోర్లా పెట్టి, వెచ్చని చీర ఇద్దరి మీదా కలిపి కట్టేశారు. బిడ్డ తలకి నా పాత పైటచెంగు చింపి టోపీలా చుట్టారు. మేం మాయ కోసం చూసుకుంటూ ఉన్నాం. అది పడ్డాక తిరిగి చూస్తే, ఆ పిడికెడు పిల్ల పాక్కుంటూ పాక్కుంటూ వెళ్ళి రొమ్ము అందుకుంది. ఎవరూ పట్టించలేదు. ముర్రుపాలు పారబోసే అవకాశమే ఎవరికీ రాలేదు. వాకిట్లో వీరమ్మ చుట్టాలతో దెబ్బలాడుతున్న గొంతు వినిపిస్తోంది. సత్యవతికి వరసకి ఆడపడుచు ఒకావిడ, మా అన్న కూతుర్ని నేను చూడకూడదా అంటే, నీ మొహం మైలయిపోద్దే, పురుడయ్యాక రా, అప్పటిదాకా తలుపు ముట్టావంటే కాలు ఇరగ్గొడతాను అంటోంది. సిస్టరుగారు పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నారు. ఆ డేగిసా నీళ్ళు సత్యవతికి కాపడానికి పనికొచ్చాయి.

పురిటిస్నానం దాకా మేం రోజూ వెళ్ళాం. బిడ్డ పాదాలు ముట్టి చూడడం, ఎండ వచ్చాక గుడ్డలు మార్చడం, తల్లికి మూలన పారేసినట్టు కాకుండా అన్నం వేడిగా పెట్టేటట్టు చూడడం. ఒక పూట పాదాలు చల్లబడ్డాయి. తల్లి నిద్రలో బిడ్డను పక్కన దించింది. సిస్టరుగారు మళ్ళీ గుండెకి కట్టించి, పాదాలు వెచ్చబడేదాకా అక్కడే కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనం కూడా మానేశారు. పురిటిస్నానం నాడు తల్లికి పోశాక, ఎండ బాగా ఎక్కాక, వీరమ్మ మనవరాలిని కాళ్ళ మీద వేసుకుని లాల పోసింది. ఈసారి సిస్టరుగారే పక్కన నిలబడి తుడిచే గుడ్డ అందించారు.

తరవాత ఆ లంకలో పద్ధతి మారిపోయింది. మేం చెప్పి మార్చలేదు, వీరమ్మ మార్చింది. తల్లి మైల తీరేదాకా బిడ్డకి లాల పోయకూడదు, మీ అమ్మమ్మలకి తెలియక పోశారు అని పురిటి పురిటికీ ఆవిడే గద్దించి చెప్పేది. చలికాలం పిల్లలు పూర్తిగా పోకుండా ఆగారని చెప్పను. నెలలు బాగా తక్కువైనవాళ్ళు, పుట్టగానే ఊపిరి అందనివాళ్ళు పోయారు. చల్లబడి పోయేవాళ్ళు మాత్రం బాగా తగ్గారు.

ఈ సంగతి మా లేడీ సూపర్‌వైజరుగారి చెవిన పడింది. మీటింగులో అందరి ముందూ గట్టిగానే అడిగారు, గవర్నమెంటు నర్సువై ఉండి మైల పాటించమని చెబుతావా అని. మైల నేను పెట్టలేదండి, అక్కడున్నదాన్ని బిడ్డ వైపు తిప్పానండి అన్నారు సిస్టరుగారు. సూపర్‌వైజరుగారు అన్నదాంట్లోనూ న్యాయం ఉంది. ఆ మైల పేరు చెప్పే బాలింతలకి తిండి, గాలి లేకుండా చేస్తారు. ఆవిడ మరుసటి వారం లంకకి వచ్చి, రెండు పురిటిళ్ళు స్వయంగా చూసి, ఇలాగే కానివ్వండి, రిపోర్టులో మాత్రం తల్లీబిడ్డా ఒకేచోట అని రాయండి, ఇంకో మాట రాయకండి అని వెళ్ళారు.

ఇంకొక్క సంగతి ఉంది. మనవరాలు కూర్చునే వయసు వచ్చాక ఒక సాయంత్రం వీరమ్మ సబ్‌సెంటరుకి వచ్చింది. గడప దగ్గరే కూలబడి, చాలాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పింది. అప్పుడు అడిగింది:

"నర్సమ్మగారూ, ఆ ముందిద్దరూ నా సేతుల్లోనే పోయారాండి?"

సిస్టరుగారు కుర్చీలోంచి లేచి ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నారు.

"మొదటివాణ్ణి నేను చూడలేదండి. రెండోవాడు నెలలు నిండక వచ్చాడు. బరువు లేదు. గాలి చలిగా ఉంది. నీళ్ళు పోశారు. పాలు ఆలస్యంగా పట్టారు. ఇందులో ఏది ఒక్కటి తక్కువైనా బతికేవాడేమో. మీ ఒక్క చెయ్యే అని నేను అనలేను. మీ చెయ్యి కాదు అని కూడా అనలేను."

వీరమ్మ చాలాసేపు ఏడ్చింది. సిస్టరుగారు ఊరుకోమని అనలేదు. చీకటి పడేముందు వీరమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, తూర్పు పాకల్లో ఒక పిల్లకి నెలలు దగ్గరపడ్డాయి, రేపొచ్చి చూడండి అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ తరవాత కూడా కాన్పులు చేయడం మానలేదు.

ఆ లంకలో నేను నేర్చుకున్నది ఇది. బిడ్డ ఎందుకు పోయిందో కనిపెట్టడం ఒక పని, ఇంకో బిడ్డ పోకుండా చూడడం ఇంకో పని. కారణం తెలిసింది కదా అని ముందే మొహాన చెప్పేస్తే, వాళ్ళు తలుపు వేసుకుని ఎప్పటిలాగే చేస్తారు. ముందు బిడ్డను వెచ్చగా ఉంచే దారి చూడాలి. కారణం వాళ్ళు అడిగిన రోజున చెప్పాలి, అడిగిన రోజున మాత్రం దాచకూడదు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ నేను అలాగే చేశాను, నా తరవాత వచ్చిన ఆయాలకీ అదే చెప్పాను.

అంతే. రూతూ, రాసింది మొదటినుంచి నాకు చదివి వినిపించు. నేను అనని మాట ఎక్కడైనా కలిపావేమో వింటాను.